మట్టం

ఎక్కడికీ పోని సైకిలు అది.
బల్ల మీద వెనక్కి వాలి, ఎడమ పక్కకి ఒరిగి తొక్కాలి.
గోద్లీవ్ ఫెర్‌స్ట్రాటెన్, అరవై ఒకటి,
డెండర్ నది మీద లాకు తలుపులు తీసి మూసే మనిషి,
పాదాలకి పట్టీలు బిగిస్తుంటే అడిగింది:
"దీనికి బెల్లు లేదా?"

జెల్ చల్లగా ఉంటుందని ముందే చెప్పాను.
"నవంబరు నీళ్ళకంటేనా?" అంది.

పక్కటెముకల సందులో ప్రోబ్ ఆనించి వెతికాను.
దొరికింది.
తెగిన తాళ్ళ చోట కొత్త తాళ్ళు కట్టి
చుట్టూ ఉంగరం వేసి కుట్టిన కవాటం.
కవాటమంటే తలుపే కదా,
రెండు రెక్కల తలుపు
బూడిదరంగు తెర మీద తెరుచుకుంటోంది, మూసుకుంటోంది.
ఒక్క చుక్క వెనక్కి రావడం లేదు.
కుట్టిన చెయ్యి ఎవరిదో గాని
ముద్దు పెట్టుకోవాలనిపించింది.

"గేటు చక్రం నలభై చుట్లు తిప్పాలి.
ఆపరేషనుకి ముందు ముప్ఫై దగ్గర ఆగేదాన్ని.
ఇప్పుడు ఇరవై అయిదు.
రిపోర్టు బావుందన్నారు, కుట్టు బావుందన్నారు.
బాగాలేనిది నేనొక్కదాన్నే."

కాసేపు తెర వంక చూసి తనే అంది:
"రెండు వైపులా నీటిమట్టం ఒకటే అయినప్పుడు
ప్రతి తలుపూ మంచి తలుపే."

అందుకేనండీ ఈ సైకిలు, అనలేదు నేను.
హాదెవిక్ వాట్లు పెంచింది.

ఇరవై అయిదు. కబుర్లు చెబుతూనే తొక్కింది,
ఇసుక పడవల గురించి, ఒక పడవవాడి కుక్క గురించి.
యాభై. కుక్క పేరు దగ్గర మాట తెగింది.
చేతి పట్టీ ఉబ్బి, మూలిగి, వదిలింది.
డాప్లర్ చప్పుడు మారింది:
ఇందాక పొలంలోకి పారే నీరు,
ఇప్పుడు వేలు అడ్డం పెట్టిన కుళాయి.
డెబ్బై అయిదు.
మూడున్న అంకె ఏడయింది, పదయింది,
పద్నాలుగు దగ్గర నా చెయ్యి జారబోయింది.
నొక్కి పట్టాను. ఇక్కడ వణికితే
ఆమె ఏడాది ఆయాసానికి సాక్ష్యం ఉండదు.
ఇంకో ముప్ఫై సెకన్లు, గోద్లీవ్, ఇంకో ఇరవై,
తొక్కమ్మా,
ఊపిరితిత్తుల వైపు ఒత్తిడి కూడా కొలవాలి.
కొలిచాను.
ఆ అంకె నాకు నచ్చలేదు.

ఫలితం చెప్పే హక్కు నాకు లేదు.
డాక్టరు చెబుతారు, గురువారం.
పదహారేళ్ళుగా నా ముఖానికి నేర్పింది ఒక్కటే,
లోపలా బయటా నీళ్ళు ఒకే ఎత్తున ఉన్నట్టు కనబడడం.
కాని తలుపుల ముందే పుట్టి పెరిగిన మనిషి ఆమె.
ఆయాసం సద్దుమణిగాక, మెడ కింద తుడుచుకుంటూ,
"కారడం లేదు కదా?" అంది.
"ఇరుకు. అవునా?"

నేను జెల్ సీసా మూత వెతుక్కున్నాను.

"మా నాన్న ఒక చలికాలం తలుపులకి కొత్త ఓకు చెక్క వేయించాడు.
చుక్క కారలేదు. ఊరంతా మెచ్చుకుంది.
వసంతం వచ్చి పడవలు పెరిగాక తెలిసింది,
చెక్క ఉబ్బి రెక్కలు సగమే తెరుచుకుంటున్నాయని.
మలుపు దాకా పడవలు బారులు తీరి
ఒకటే బూరలు, ఒకటే తిట్లు.
మా నాన్న మూడు రోజులు నీళ్ళలో నిలబడి చిత్రిక పట్టాడు.
దీనికి పట్టేవాళ్ళున్నారా?"

ఉన్నారనో లేరనో అనడం నా పని కాదు.
కోటు అందించాను. బొత్తాలు తప్పుగా పెట్టుకుంది,
మళ్ళీ విప్పి పెట్టుకుంది.
వాకిట్లో వర్షం. గొడుగు తెచ్చుకోలేదు.

గది ఖాళీ అయ్యాక రిపోర్టు తెరిచాను.
విశ్రాంతిలో: సాధారణం.
ఏడాదిగా అందరూ ఈ ముక్క దగ్గరే ఆగిపోయారు.
దాని కింద ఇంకో వరస మొదలుపెట్టాను:
డెబ్బై అయిదు వాట్ల దగ్గర